ఖుంగు మబ్బు

ఆ ఏడు మగవాళ్ళు బూరలూదుతూ కవాతులా ఆడే మాలిపెంగా ఆటలు మొదలైన వారంలోనే నా మొగుడి బూర మధ్యలో ఆగిపోయింది.

నేను పక్కనే ఉన్నాను, చేతిలో తెల్ల రుమాలుతో. మా దళంలో నా హోదా నర్సు. ఆటగాళ్ళ మొహాల మీద చెమట తుడవడం నా పని. దళమన్నాక అందరికీ ఏదో ఒక హోదా ఉండాలి కదా. ఒకడు రాజు, ఒకడు కెప్టెను, ఒకడు డాక్టరు. తెల్ల నిక్కర్లు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, జేబులో ఎన్నడూ రాయని పెన్నులు. మా ఆయన జోండ్వాయోది వీళ్ళందరికంటే పెద్ద హోదా. ఆయన పెద్ద బూర. ఆయన పిలిస్తేనే మిగతా బూరలన్నీ పలకాలి.

బూరంటే ఇత్తడిది కాదు, ఎండిన సొరబుర్ర. దాని పక్కన చిన్న కన్నం చేసి, సాలెపురుగు గుడ్లగూటి పొర అంటిస్తారు. నోటితో రాగం తీస్తే ఆ పొర వణికి బుర్రంతా మోగుతుంది. అందరికీ మోగుతుంది గానీ మా ఆయనకి మోగినట్టు ఎవరికీ మోగేది కాదు. ఆయన పిలుపు అందుకుంటే సరస్సు మీద దోనెల్లో ఉన్నవాళ్ళు తెడ్లు ఆపి వినేవాళ్ళు. నేను చేసుకున్నదే ఆ ఊపిరి చూసి. అందగాడు కాదు, ఆస్తిపరుడూ కాదు. "ఏముందే వాడి దగ్గర?" అని మా అమ్మ మొహం చిట్లించింది కూడా.

అలాంటివాడు ఆ సాయంత్రం సాధనలో పిలుపు సగం దాకా తీసి ఆగిపోయాడు. మగవాళ్ళంతా ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడ్డారు.

"ఏంట్రా, పొర చిరిగిందా?" అన్నాడు సౌలోసి. మా ఆయనకి చిన్నాన్న కొడుకు, దళంలో డాక్టరు. సంతలో కొన్న ప్లాస్టిక్ స్టెతస్కోపు ఎప్పుడూ మెడలో వేలాడేసుకుంటాడు. "ఇలా తే, పరీక్ష చేస్తా." స్టెతస్కోపు తీసి సొరబుర్రకి ఆనించి కళ్ళు మూసుకుని విన్నాడు. "కవలలు" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు.

వాళ్ళంతా బూరకేసి చూస్తుంటే నేను మనిషికేసి చూశాను. భుజాలు చెవుల దాకా లేచాయి. మెడ నరాలు బిగిశాయి. ఛాతీలోంచి సన్నగా పిల్లికూతలు.

"ఏమైందయ్యా?" రుమాలు అడ్డం పెట్టి గొంతు తగ్గించి అడిగాను.

"దుమ్ము. అరవకు. తుడువు."

తుడిచాను. చల్లటి చెమట.

ఆ సీజను చివర చిపెలా వాళ్ళతో పోటీ మా ఇసుకలోనే జరగాలి. పోయినేడు వాళ్ళు గెలిచి, మా రాజు టోపీ పట్టుకుపోయి, ఏడాది పొడుగునా దాన్ని వాళ్ళ ఊరి మేకకి పెట్టి ఊరేగించారు. ఆ టోపీ తిరిగి తేవాలని మా ఊరు ఊరంతా పంతం పట్టింది. అంటే మా ఆయన ఊపిరి మా ఇంటి సొత్తు కాదన్నమాట, ఊరి సొత్తు.

* * *

అదే వారం ఖుంగు లేచింది.

మలావీ సరస్సు ఒడ్డున పుట్టినవాళ్ళకి అంతకన్నా పండగ లేదు. దూరంగా నీళ్ళ మీద పొగ లేస్తుంది, ఏదో ఓడ తగలబడుతున్నట్టు. అది పొగ కాదు, కంటికి ఆనని సన్నటి పురుగులు, కోట్లకి కోట్లు. గాలి ఇటు మళ్ళిందా, మబ్బు మొత్తం ఊరి మీదకొస్తుంది. "ఖుంగూ!" అని ఒక్క కేక వినబడితే చాలు, పొయ్యి మీద కూర మాడినా ఎవరికీ పట్టదు. తడిపిన బుట్టలూ నూనె రాసిన పళ్ళేలూ పట్టుకుని ఒడ్డుకి పరుగే.

ఆ విద్యలో మా అత్త న్యాకామంగాని మించినవాళ్ళు లేరు. ఆ వయసులో కూడా బుట్ట తల చుట్టూ గిరగిరా తిప్పుతూ మబ్బులోకి దూసుకుపోయేది. బయటికొచ్చేసరికి బుట్ట నిండా నల్లటి ముద్ద. కళ్ళలో, ముక్కులో, జుట్టులో అన్నీ పురుగులే. ఉమ్మేసుకుంటూ నవ్వేది.

"ఏమే న్యాలోంగ్వే, బుట్ట తిప్పుతున్నావా, దోమలు తోలుకుంటున్నావా?"

"మీరు పట్టినన్ని నేనూ పడితే మీకు పేరెక్కడుంటుందత్తా? వదిలేస్తున్నాను."

"నోరుంది దీనికి, చెయ్యి లేదు గానీ" అనేది నలుగురూ వినేలా. మా అత్తా నేనూ అంత బాగానే ఉండేవాళ్ళం. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు.

ముద్దని అరచేతుల మధ్య చరిచి రొట్టెలు చేస్తాం. ఇంట్లో దూలాలకి కట్టిన తడికల మీద పొయ్యి పొగకి ఆరబెడతాం. కావలసినప్పుడు రోట్లో దంచి, టమాటాలేసి ఉడికించి, కర్రపెండలం ముద్దతో తింటాం. చేపా కాదు, మిడతా కాదు, ఆ రుచే వేరు. ఇంకో ఆచారం కూడా ఉంది. బూర ఊదేవాళ్ళకి ఖుంగు రసం ఎక్కువ పోయాలి. అంత సన్నటి పురుగు సరస్సు అడుగు నుంచి ఆకాశం దాకా ఒక్క గుక్కలో లేస్తుంది కదా, తిన్నవాడికి ఆ దమ్ము వస్తుందని మా వాళ్ళ నమ్మకం. అందుకే బూరలు కూడా ఆ తడికల పక్కనే వేలాడదీస్తాం.

మా ఆయన దగ్గు పెరిగినకొద్దీ నేను రొట్టెలు ఎక్కువ దంచాను. రసం చిక్కగా కాచి పోశాను. తాగేవాడు, పడుకునేవాడు, తెల్లారేసరికి గోడకి చేరగిలి కూచుని గాలి కోసం వెతుక్కునేవాడు.

విచిత్రమేమిటంటే, పొరుగూళ్ళకి ఆటకి పోతే మనిషి మామూలయ్యేవాడు. ఊరు దాటే ఆటలకి నేను పిల్లలతో ఇంట్లోనే ఉండిపోయేదాన్ని. ఒక వారం దళమంతా దక్షిణపు ఊళ్ళు తిరిగొచ్చింది. సౌలోసి వచ్చీ రాగానే కేకేశాడు. "ఒదినా! నీ మొగుడికి జబ్బూ లేదు గిబ్బూ లేదు. నిన్న ఊదిన ఊదుడికి ఒక ముసలాయన టోపీ ఎగిరిపోయింది!"

మా ఆయన నవ్వుతూ గడప దాటాడు. అన్నం తిన్నాడు. చీకటి పడకముందే పిల్లికూతలు మొదలయ్యాయి.

నాకంటే ముందు ఊరు లెక్క కట్టేసింది. బయటుంటే బాగుంటాడు, ఇంట్లో ఉంటే బాగుండడు. మరి ఇంట్లో ఏముంది? నేనున్నాను.

* * *

మొదట నీళ్ళ దగ్గర మాటలు ఆగిపోయాయి. నేను బిందెతో వస్తుంటే ఆడవాళ్ళు జరిగి చోటిచ్చేవాళ్ళు. అంత మర్యాద నాకెన్నడూ జరగలేదు. నేను రుమాలుతో తుడిచిన ఆటగాడు ఒకడు, పక్కకెళ్ళి చేత్తో మొహం మళ్ళీ తుడుచుకోవడం చూశాను. అప్పటికీ బుర్రకెక్కలేదు.

ఒక మధ్యాహ్నం మా అత్త వచ్చింది, సౌలోసిని వెంటబెట్టుకుని. లోపలికి రాలేదు. వాకిట్లోనే నిలబడింది.

"జోండ్వాయోని మా ఇంటికి తీసుకుపోతాను" అంది. "పోటీ అయ్యేదాకా అక్కడుంటాడు."

"అదేంటత్తా? ఒంట్లో బాగోనివాణ్ణి నేను చూసుకోలేనా?"

ఆవిడ నేలకేసి చూసింది. సౌలోసి ప్లాస్టిక్ గొట్టాన్ని వేలికి చుట్టుకుంటూ, "ఒదినా, ఎవరూ ఏమీ అనట్లేదు..." అన్నాడు.

"ఎవరూ ఏమీ అనకపోతే నువ్వెందుకొచ్చావు?"

"నీ దగ్గరుంటే వాడి ఊపిరి పోతోంది" అంది అత్త. మెల్లగానే అంది. "దూరంగా ఉంటే వస్తోంది. నేను గుడ్డిదాన్ని కాదు కదా, కోడలా."

నిన్నటిదాకా నాతో కలిసి బుట్ట తిప్పిన మనిషి! నా ఇద్దరు ఆడపిల్లల పురుళ్ళూ తన చేతుల మీదే పోసిన మనిషి! ఆ తర్వాత నేనేమన్నానో మొత్తం గుర్తులేదు. చాలా అన్నాను. "మీ కొడుకు ఊపిరి చూసి కట్టుకున్నాను, దాన్ని తాగేసి నేనేం చేసుకోను? అమ్ముకోనా?" అన్నాను. "మీ నోళ్ళు పడిపోను" అన్నాను. వీధి వీధంతా గుమికూడింది. నా ఖర్మ, అరిచినకొద్దీ వాళ్ళు అనుకున్నది నిజమైపోతోంది. మంత్రగత్తె కాకపోతే అంత నోరెందుకుంటుంది?

ఇంతలో మా ఆయన లోపల్నుంచి వచ్చాడు. చాప చుట్టి చంకలో పెట్టుకున్నాడు. బూర చేత్తో పట్టుకున్నాడు. ఇదంతా విన్నాడు. ఒక్క మాట అంటాడని చూశాను. "నా పెళ్ళాన్ని ఏమీ అనకండి" అని నాలుగు మాటలు. ఆయన నన్ను దాటుకుని వెళ్ళిపోయాడు. నాకేసి చూడలేదు.

నేను గడపలోనే కూచున్నాను. పిల్లలు వచ్చి, "అమ్మా, నాన్నెక్కడికి?" అంటే, "నానమ్మ ఇంటికి" అన్నాను. అప్పటిదాకా నేను ఏడవలేదు. ఆయనకి కూడా నేనంటే భయమేనా అనుకున్నాక ఆగలేదు.

* * *

అత్త ఇంటి గడప తొక్కొద్దన్నారు, తొక్కలేదు. నా పంతం నాకుంది. కానీ రోజూ పొద్దున్నే దాని ముందు నుంచే నీళ్ళకి వెళ్ళేదాన్ని. లోపల రోటి చప్పుడు వినబడేది. ధన్ ధన్ మని, ఆగకుండా. కొడుకు వచ్చాడని అత్త ఊళ్ళో మంచి రొట్టెలన్నీ పోగేసి దంచుతోంది. రోటి చప్పుడు మధ్యలో దగ్గు.

దగ్గు తగ్గట్లేదు. నేను లేను కదా, మరి తగ్గాలి కదా!

ఒక పొద్దున రోటి చప్పుడు వినబడింది గానీ దగ్గు వినబడలేదు. నేను బిందె కింద పెట్టేసి లోపలికి దూసుకుపోయాను. ఇరుకు గది. దూలాల నిండా, గోడల నిండా తడికలు. రోట్లోంచి బూడిదరంగు పొడి లేచి, కిటికీ వెలుగులో తేలుతోంది. దాని మధ్యలో నా మొగుడు చాప మీద కూచున్నాడు, రెండు చేతులూ మోకాళ్ళకి ఆనించి. పెదాలు నల్లబడ్డాయి. నోరు తెరిచే ఉంది, మాట లేదు, దగ్గు లేదు. ఛాతీ ఎగురుతోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు.

"నువ్వెందుకొచ్చావే!" అత్త రోకలి పట్టుకునే లేచింది. "నువ్వొచ్చావు, చూడు వాడెలా అయిపోయాడో!"

"నేనిప్పుడొచ్చాను! ఇప్పుడు! ఈయన ఎప్పట్నుంచి ఇలా ఉన్నాడు?"

అత్త రోకలి దించింది. "తెల్లారగట్ట నుంచి" అంది.

ఆయన చెయ్యి నా భుజం మీదేసుకుని లేపాను. ఎంత తేలికైపోయాడో! వీధిలోకి రాగానే సౌలోసి ఎదురొచ్చాడు. నన్ను చూసి ఒక్క క్షణం తటపటాయించి, రెండో చెయ్యి పట్టుకున్నాడు. చేపలు ఎక్కించుకుంటున్న లారీని ఆపి, ఉసిపా చేపల గంపల మధ్య పడుకోబెట్టి జిల్లా ఆస్పత్రికి తీసుకుపోయాం. మా అత్త రొట్టెల మూటతో సహా ఎక్కింది.

ఆస్పత్రి గుమ్మంలో కాపలావాడు సౌలోసి మెడలో స్టెతస్కోపు చూసి సెల్యూట్ కొట్టి, "రండి డాక్టరుగారూ" అని తలుపు తీశాడు. సౌలోసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాన్ని మెడలోంచి లాగి జేబులో కుక్కుకున్నాడు.

* * *

అసలు డాక్టరు చిన్నమ్మాయి. పేరు టియోంగే గోండ్వే. మాటా చేతా రెండూ చురుకు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టి, మందు ఆవిరి పట్టి, సూదులేసి, సాయంత్రానికి మా ఆయన పెదాలకి రంగు తెప్పించింది. అప్పుడు వచ్చి మంచం పక్కన కూచుంది.

"ఎక్కడుంటే ఎక్కువవుతుంది?" అని అడిగింది.

నేనే అన్నాను. "నా దగ్గర."

ఆవిడ నాకేసి వింతగా చూసింది. ఇంకేదో అడగబోతుండగా మా అత్త, కొడుకు కళ్ళు తెరిచాడన్న సంబరంలో, కొంగులోంచి మూట తీసి విప్పింది. "ఒక్క ముక్క తిను నాయనా, దమ్మొస్తుంది" అని రొట్టె విరిచింది. పొడి రాలింది. నేను చూస్తుండగానే మా ఆయన భుజాలు మళ్ళీ పైకి లేచాయి, పిల్లికూత మొదలైంది.

"ఆపండి!" డాక్టరమ్మ లేచి ఆ మూట లాక్కుని, కిటికీ తెరిచి దూరంగా పెట్టించింది. మళ్ళీ ఆవిరి పట్టింది. ఆయన కుదుటపడ్డాక నడుం మీద చేతులు పెట్టుకుని మా వైపు తిరిగింది. "ఇది ఇంట్లో ఎక్కడ పెడతారు?"

"దూలాలకి" అన్నాను.

"ఈయన ఎక్కడ పడుకుంటాడు?"

"దాని కిందే."

"బూర?"

"దాని పక్కనే."

అప్పుడు చెప్పింది. ఊపిరి పోయే దారుల లోపల సన్నటి పొర ఉంటుందట. ఖుంగు పొడి తగలగానే ఆ పొర బెదిరి కేకేస్తుందట. "నోటితో కాదు, ప్రోటీన్లతో. కబురు మోసే చిన్న చిన్న ప్రోటీన్లు. ఆ కబురు అందుకుని రక్తంలో కాపలా కణాలు ఇంకో రకం ప్రోటీన్లు వదుల్తాయి. మీ మాలిపెంగా లాగే అనుకోండి. పెద్ద బూర పిలుస్తుంది, మిగతావి పలుకుతాయి. ఒకటి, కఫం పుట్టించు అంటుంది. ఒకటి, దారి బిగించు అంటుంది. ఒకటి ఎముకల మూలుగలోంచి కొత్త సైన్యాన్ని రప్పిస్తుంది. వచ్చింది శత్రువు కాదు, ఉత్త పురుగు పొడి. కానీ ఒకసారి పిలుపు మొదలయ్యాక దళం ఆగదు కదా."

"మరి పిలిచిందెవరు?" అన్నాడు సౌలోసి.

"ఆయన ఒళ్ళే."

ఓరి దేవుడో! ఊరంతా వెతికారు, ఎవరు చేశారా అని. నా గుమ్మం దాకా వచ్చి వెతికారు. తీరా చూస్తే ఆయన ఛాతీలోనే ఉంది.

"మేమందరం పీలుస్తాం కదమ్మా, మాకేమీ కాలేదే?" అంది అత్త.

"అందరి ఒళ్ళూ బెదరదు, తల్లీ. ఈయనది బెదిరింది. ఇక ఈయనున్న ఇంట్లో ఖుంగు ఉండకూడదు, దంచకూడదు. మబ్బు లేస్తే ఈయన కొండెక్కాలి."

అత్త నాకేసి చూడలేదు. నేనూ ఆవిడ్ని సాధించలేదు. నా సంగతి తెలిసినవాళ్ళెవరూ నమ్మరు గానీ, ఆ రోజు నా నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

* * *

ఇల్లంతా విప్పేశాను. తడికలు తీసి కాల్చాను. దూలాలు కడిగాను. అత్త ఇంట్లోంచి ఆయన బూర తెప్పించి బోర్లిస్తే గుప్పెడు పొడి రాలింది. ఇన్నేళ్ళూ ఆయన అందులో నోరు పెట్టి గాలి పీల్చాడు! బూర లోపల తడిగుడ్డ పెట్టి తుడిచి, కొత్త పొర అంటించాను. అది మగవాళ్ళ పని. ఎవడైనా ఏమైనా అంటాడేమో చూద్దామనే వాకిట్లో కూచుని చేశాను.

ఆయన ఇంటికొచ్చాడు. రెండో రోజు ఆయనే అన్నాడు. "ఆ రోజు ఊపిరందక మాట్లాడలేదు."

"అబద్ధం" అన్నాను.

"భయపడ్డాను" అన్నాడు.

"నేనంటేనా?"

"ఊపిరి పోతుందంటే."

దాంతో సరిపెట్టుకున్నాను. సరిపెట్టుకోకపోతే ఏం చేస్తాం?

పొద్దునా సాయంత్రం పీల్చే మందు వేయించేదాన్ని. పిల్లికూతలు పోయాయి, తిండి సయించింది, మనిషి కాస్త ఒళ్ళు చేశాడు. పోటీకి ముందు మళ్ళీ రమ్మంది డాక్టరమ్మ. చంకలు గుద్దుకుంటూ తీసుకెళ్ళాను, సౌలోసీ వెంటొచ్చాడు. ఆవిడ మా ఆయన చేతికి ఒక ప్లాస్టిక్ గొట్టం ఇచ్చింది. ఊదితే లోపల ఎర్ర ముల్లు జరుగుతుంది.

"గట్టిగా ఊదండి."

"విరిగిపోతుందేమో డాక్టరమ్మా" అన్నాడు సౌలోసి గర్వంగా. "మా వాడు ఊదితే అవతలి ఒడ్డుకి వినబడుతుంది."

మా ఆయన ఊదాడు. ముల్లు కొంచెం జరిగి ఆగింది. మళ్ళీ ఊదాడు, మొహం కందిపోయేదాకా. ముల్లు అక్కడే ఆగింది. "ఇది పాడైనట్టుంది" అన్నాను. ఆవిడ గొట్టం నా చేతికిచ్చింది. ఊదాను. బుట్ట తిప్పడం కూడా సరిగ్గా రాని నేను ఊదితే, ముల్లు ఆయనది దాటి పోయింది.

నేను ఆ గొట్టాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. నిజంగానే ఆయన ఊపిరి నేను దొంగిలించినట్టు అనిపించింది.

"మీరు ఇంటి గోడలకి ఏటేటా మట్టి మెత్తుతారు కదా" అంది డాక్టరమ్మ మా ఆయనతో. "పాతది రాల్చకుండా లోపలివైపే మెత్తుతూ పోతే గది ఏమవుతుంది?"

"ఇరుకవుతుంది" అన్నాడాయన.

"ఆ ప్రోటీన్లు సైన్యాన్నే కాదు, మరమ్మతు చేసేవాళ్ళని కూడా పిలుస్తాయి. వచ్చినప్పుడల్లా దారి గోడ మీద ఒక పూత వేసిపోతాయి. చిన్నప్పట్నుంచీ సీజను సీజనుకీ వేశాయి. గోడ గట్టిపడింది, దాని చుట్టూ కండ మందమైంది. మందు వాపు తీస్తుంది, కేక ఆపుతుంది. పూత గీకలేదు."

"ఎన్నాళ్ళకి పోతుంది?" అన్నాను. నాకు వినబడింది. అయినా అడిగాను.

"బతకడానికి సరిపడా ఊపిరి ఉంటుందమ్మా. జాగ్రత్తగా ఉంటే చాలాకాలం ఉంటుంది. పాతది రాదు."

ఆయన చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. "మరి పోటీ?" అని సౌలోసి నోరు జారాడు. "చిన్న పిలుపు ఊదుతాను" అన్నాడు మా ఆయన. "పెద్దది నువ్వు నేర్చుకో."

* * *

పోటీ రోజు ఇసుక మీద ఇసక వేస్తే రాలనంత జనం. చిపెలా వాళ్ళు మేకని కూడా తెచ్చారు, మా రాజు టోపీతో సహా. మా ఆయన తెల్ల బట్టలు కట్టుకుని వరస ముందు నిలబడ్డాడు. నా కొంగులో రుమాలూ, అందులో మందు పంపూ. చిన్న పిలుపు తీశాడు. చిన్నదే, కానీ ఆ గొంతు వేరు. బూరలన్నీ పలికాయి, కాళ్ళన్నీ లేచాయి.

అంతలో ఒడ్డు మీంచి కేక. "ఖుంగూ! ఖుంగూ!"

నీళ్ళ మీద పొగ. గాలి మావైపే. ఇక ఆటెక్కడ, పోటీ ఎక్కడ! మా వాళ్ళూ చిపెలా వాళ్ళూ కలిసి పరుగు. రాజులూ కెప్టెన్లూ బూరలు పారేసి, తెల్ల మేజోళ్ళు మోకాళ్ళ మీంచి జారుతుంటే నవ్వుకుంటూ నీళ్ళకేసి పరిగెత్తారు. పిల్లలు కేరింతలు. ఇదివరకైతే నేనూ అలాగే పరిగెత్తేదాన్ని.

ఖాళీ ఇసుకలో మా ఆయన ఒక్కడే మిగిలాడు. నాకేసి చూశాడు. ఆ చూపు ఎవరికీ రాకూడదు. ఊరంతా పండగ చేసుకుంటున్నది ఆయన చావొచ్చిందని.

"కొండెక్కు! పద!" అని అరిచి చెయ్యి పట్టుకుని లాగాను. పరిగెత్తలేడు. నాలుగడుగులకే ఆగిపోతున్నాడు. వెనక్కి చూస్తే మా అత్త బుట్ట తడుపుతోంది. ఎంతైనా పుట్టుబుద్ధి. బుట్ట ఎత్తి ఒడ్డుకేసి నాలుగడుగులు వేసింది కూడా. అప్పుడు మమ్మల్ని చూసింది. బుట్ట వదిలేసి, పైబట్ట నీళ్ళలో ముంచి పరిగెత్తుకొచ్చి కొడుకు తలా మొహం చుట్టేసింది. రెండో చెయ్యి మెడ మీద వేసుకుంది. ఇద్దరం ఈడ్చుకుంటూ కొండ దారి పట్టాం. ఆ దారిలో ఎన్నిసార్లు మందు కొట్టానో, ఎన్నిసార్లు ఆయన మోకాళ్ళ మీద పడ్డాడో, నాకు తెలీదు.

పైన గాలి శుభ్రంగా ఉంది. రాతికి ఆనించి కూచోబెట్టాం. పిల్లికూతలు మెల్లగా తగ్గాయి. ఆయన కళ్ళు తెరిచి, బతికే ఉన్నానన్నట్టు తలాడించాడు. కింద ఊరు కనబడలేదు. మబ్బు కమ్మేసింది. లోపల్నుంచి నవ్వులు మాత్రం వినబడుతున్నాయి.

నేను అత్తకేసి చూస్తూ కూచున్నాను. ఇన్ని వారాలుగా ఒక్క మాట కోసం చూస్తున్నాను. "నిన్నన్నాను, తప్పయింది కోడలా" అని. ఇప్పుడంటుంది అనుకున్నాను.

"మీ మామ కూడా చివర్లో ఇలాగే కూచునేవాడు" అంది ఆవిడ, మబ్బుకేసే చూస్తూ.

మామ మా ఆయన పసివాడిగా ఉండగానే పోయాడు. ఛాతీ జబ్బన్నారు. అంతే తెలుసు నాకు.

"ఏమీ సయించేది కాదు. ఖుంగైనా తింటాడని ఆయన తల దగ్గరే రోలు పెట్టుకున్నాను. రోజూ దంచాను. పోయేరోజు కూడా దంచాను."

నేను జరిగి ఆవిడ పక్కన కూచున్నాను.

"మా చెల్లెలు అప్పుడు మా ఇంట్లోనే ఉండేది. మొగుడు పోయాడని నేనే తెచ్చి పెట్టుకున్నాను. అది వచ్చాకే బావకి ఊపిరాడట్లేదన్నారు. అందరూ అన్నారు."

"మీరేమన్నారత్తా?"

"నేనే ముందన్నాను."

మా ఆయన రాతి మీంచి తలెత్తి తల్లికేసి చూశాడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడికి కూడా ఆ సంగతి తెలీదని ఆయన మొహమే చెప్పింది.

"ఎక్కడుందిప్పుడు?" అన్నాను.

"పీనుగ లేచిన రోజే వెళ్ళగొట్టాం. అవతలి ఒడ్డుకి పోతానని దోనె ఎక్కింది. దోనెలు తిరగేసే మ్వేరా గాలి కొడుతోంది. ఎవరూ వద్దనలేదు." ఆవిడ చేత్తో సరస్సు చూపించబోయింది. ఖుంగు తప్ప ఏమీ కనబడటం లేదు. "దోనె మర్నాడు కొట్టుకొచ్చింది. ఖాళీది."

తప్పయిందన్న మాట ఆవిడ్ని ఇక అడగాలనిపించలేదు.

"ఏం పేరు ఆవిడది?"

అత్త పైబట్ట కోసం తడుముకుంది, అది కొడుకు తలకే ఉంది.

"ఎలీటా" అంది నాతో.

తర్వాత లేచి నిలబడి, సరస్సుకేసి తిరిగి, ఇంకోసారి అంది. ఈసారి నాతో కాదు.